రెండు అరటిపళ్ళ రిపోర్టు

నేను ఒక షుగరు రిపోర్టును. ఇలా అన్నానని నన్ను కన్నవాళ్ళకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళు నాకు పెట్టిన పేరు 'మధుమేహ పరీక్షా ఫలిత సూచికా పత్రము'. ఆ పేరు నా నెత్తిన రెండు వరసల్లో, పూలతీగ అంచుతో సహా ఉంది. ఏడు మీటింగులు పెట్టి, గంపెడు మిరపకాయ బజ్జీలు తిని, కనిపెట్టిన పేరది. ఆసుపత్రికి వచ్చే జనంలో ఒక్కరూ ఇప్పటిదాకా దాన్ని చివరిదాకా చదివిన పాపాన పోలేదు.

మగ్గాల ఊరు మాది. ఊళ్ళో సగం మందికి షుగరు, మిగతా సగానికి ఇంకా పరీక్ష చెయ్యలేదు. నేను పుట్టకముందు ఇక్కడి ధర్మాసుపత్రిలో రిపోర్టులన్నీ ఇంగ్లీషులో ఉండేవి. జనం వాటిని మందుల షాపుకి పట్టుకెళ్ళేవాళ్ళు. షాపతను ఒక్క చూపు చూసి "పెరిగింది" అనో "పర్లేదు" అనో అనేవాడు. వాళ్ళకు ఆ ఒక్క మాటే దక్కేది. అది చాలదనీ, రిపోర్టు జనం భాషలో ఉండాలనీ, వాళ్ళ ఆచార వ్యవహారాలకు దగ్గరగా ఉండాలనీ పైనుంచి కాగితం వచ్చింది. మంచి ఆలోచనే, కాదనను. కానీ మంచి ఆలోచనను మనవాళ్ళు ఊరికే వదలరు. దానికొక కమిటీ వేస్తారు.

కమిటీకి పెద్ద, ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ విద్యాధర్ గారు. భాష సంగతి చూడటానికి సర్వోత్తమరావు గారిని పిలిచారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మామూలు మాట వింటే ఆయనకు ఒంటిమీద జెర్రి పాకినట్టుంటుంది. బొమ్మలూ రంగులూ చూడటానికి హైదరాబాదు నుంచి ఒక డిజైనరమ్మ వచ్చింది. రెండో మీటింగు అయ్యాక ప్రెస్సువాళ్ళు నమూనాకని మందపాటి కాగితం మీద ఒకే ఒక్క ప్రతి కొట్టి పంపారు. ఆ ప్రతిని నేనే. గడుల్లో మాటలు ఖాళీగా వదిలి పంపారు, మాటలు తేలేదాకా ప్రతి మీటింగులోనూ బల్లమీద వెల్లకిలా పడుకుని అందరి మాటలూ విన్నాను. నా కుడి మూలన నూనె మరక ఉంటుంది చూడండి, అది సర్వోత్తమరావు గారి బజ్జీ చెయ్యి. పుట్టుమచ్చలాగా నాతోనే ఉండిపోయింది. ఇంకో మాట, షుగరు మీద జరిగిన ఆ మీటింగుల్లో నేనున్న ప్రతిదాంట్లోనూ మొట్టమొదట ఖాళీ అయ్యింది కాజాల పళ్ళెమే.

'షుగరు' అందామా 'చక్కెర వ్యాధి' అందామా అని ఒక పూటంతా కొట్టుకున్నారు. సర్వోత్తమరావు గారు రెండూ కాదని 'మధుమేహం' అన్నారు. మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, అన్నిట్లోకీ నిజం చెప్పేది అదే. దానికి ఆయన 'శర్కరాబద్ధ రక్తవర్ణక శాతము' అని నామకరణం చేశారు. చేసి, తన మాటకు తనే మురిసి కళ్ళు మూసుకున్నారు. డాక్టరుగారు దాన్ని చదవబోయి మధ్యలో ఆగి, "బాగుందండీ, గంభీరంగా ఉంది" అన్నారు. ఏమీ తినకుండా ఇచ్చే రక్తం గడి దగ్గరికి వచ్చేసరికి సర్వోత్తమరావు గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉపవాస శర్కర. ఉపవాసం మన సంస్కృతి కదా!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సమయానికి ల్యాబులో రక్తం తీసే మస్తాన్‌బీ గదిలోనే ఉంది. ఆమెను సలహాకు పిలవలేదు లెండి, నా గడుల్లో అంకెలు పడతాయో లేదో రాసి చూపించడానికి పిలిచారు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరి చేతులన్నీ పట్టుకుని సూది గుచ్చిన మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, పరగడుపున అని వేస్తే సరిపోద్ది గదా. అందరికీ తెలిసిన మాట" అంది.

సర్వోత్తమరావు గారు నవ్వారు. చిన్నపిల్లలు అప్పచ్చి అడిగినప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "పరగడుపు ఇంట్లో అనుకునే మాటమ్మా. అచ్చులో మోటుగా ఉంటుంది."

మస్తాన్‌బీ పెన్సిలుతో అంకెలు రాసి చూపించి, చెరిపేసి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆ మాట విలువ తెలియదు. నేనూ ఆ పెద్దమనుషుల పక్షమే, పట్టు మాటలు కట్టుకుంటున్నానని లోలోపల పొంగిపోయాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

చదువురానివాళ్ళకు బొమ్మ ఉండాలి కదా అని డిజైనరమ్మ 'ఉపవాస శర్కర' పక్కన ఒక బొమ్మ గీసింది. దీపం ముందు చేతులు జోడించి కూర్చున్న ఆడమనిషి, నుదుట ఇంత బొట్టు. పక్కన కాస్త బోసిగా ఉందని ఒక పళ్ళెం పెట్టింది. పళ్ళెం ఖాళీగా ఉంటే అశుభంగా ఉందని అందులో రెండు అరటిపళ్ళు పెట్టింది. "ఎంత మన ఇంట్లో మనిషిలా ఉందో!" అన్నారు డాక్టరుగారు. షుగరు కాగితం మీద, ఏమీ తినకూడదని చెప్పాల్సిన చోట, అరటిపళ్ళేమిటని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. ఏడో మీటింగు అయ్యాక నన్ను ప్రెస్సుకి తిప్పి పంపి, మాటలూ బొమ్మా నామీద ఎక్కించారు. తర్వాత నాలాంటివి మూడువేలు కొట్టారు. మొదటిదాన్ని నేనే కాబట్టి ఆవిష్కరణకు నన్నే రిబ్బను కట్టి పళ్ళెంలో పెట్టారు.

ఫొటో కోసం ఎవరో ఒక పేషెంటు కావాలి. క్యూలో ముందున్న సామ్రాజ్యమ్మను పిలిచి నన్ను ఆమె చేతిలో పెట్టారు. అప్పుడు మొదలైంది నా అసలు బతుకు.

సామ్రాజ్యమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. ఇంట్లో కొడుకు నేస్తాడు, ఆమె పోగులు అతుకుతుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోయాక దాని కొసలకు కొత్త పడుగు కలపాలి. వేలకు వేల పోగులు, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య మెలిపెట్టి కలపాలి. ఒక్కటి తప్పితే చీర పొడవునా గీత పడుతుంది. నలభై ఏళ్ళుగా ఆమె చేతిలో గీత పడలేదు. ఆ మధ్య రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చి పోగుకూ పోగుకూ మధ్య పొగమంచు కమ్మింది. మూడు నెలలకోసారి పై ఊరినుంచి కంటి డాక్టర్లు వచ్చి ఆపరేషన్లు చేస్తారు. వచ్చే క్యాంపు నెల రోజుల్లో ఉంది. విద్యాధర్ గారు, "ఫాస్టింగ్ నూట నలభై లోపుకు వస్తేనే నీ పేరు పంపుతా" అన్నారు. ఆమెకు కావాల్సిందల్లా ఆ ఒక్క అంకె. ఆ అంకె వచ్చి కూర్చోవలసింది నా గడిలో.

నన్ను ముందురోజు ఇంటికిస్తారు. పైన ఎలా రావాలో రాసి ఉంటుంది, మర్నాడు నన్ను తెస్తే కింద గడుల్లో అంకెలు వేస్తారు. ఇంటికెళ్ళాక సామ్రాజ్యమ్మ నన్ను కోడలు మాధురికి ఇచ్చింది. మాధురి కూడబలుక్కుని చదివి, "ఉపవాసం ఉండి రమ్మన్నారత్తయ్యా. ఇదిగో బొమ్మ కూడా వేశారు" అంది. సామ్రాజ్యమ్మ నన్ను కంటికి ఆనించుకుని చూసింది. పొగమంచులోంచి దీపం కనపడింది, పసుపుపచ్చగా అరటిపళ్ళు కనపడ్డాయి.

"ఓసింతేనా! ముప్ఫయ్యేళ్ళ బట్టీ శనివారాలు ఉంటన్నా, ఇదో లెక్కా" అంది.

మర్నాడు చీకటితోనే తలస్నానం చేసింది. దీపం పెట్టింది. రెండు అరటిపళ్ళు నైవేద్యం పెట్టి, అవి తిని, గ్లాసెడు పాలు తాగింది. అన్నం మెతుకు ముట్టలేదు. ఆమె లెక్కలో అది ఉపవాసం, ఈ జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా అదే ఉపవాసం. తడిజుట్టు ముడేసుకుని, నన్ను సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. నామీద ఏమేమి ఉన్నాయో అవన్నీ పొల్లుపోకుండా చేసిన మనిషి ఆమె. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ పాటించలేదు.

నా గడిలో రెండువందల పద్దెనిమిది పడింది.

డాక్టరుగారు చూసి ముఖం చిట్లించారు. "నోరు కట్టుకోవడం రాదా నీకు?"

"నేనేం తినలా బాబూ. ఉపవాసమే ఉన్నా."

"ఉపవాసం ఉంటే ఇంత వస్తుందా? మీరు తినేది తింటారు, మా దగ్గర అబద్ధాలు చెబుతారు."

సామ్రాజ్యమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా కింద గడిలో ఆ శర్కరాబద్ధ మహారాజు తన అంకె పట్టుకుని కూర్చునే ఉన్నాడు, ఆరు పాయింటు తొమ్మిది. మూడు నెలలుగా ఈమె షుగరు అదుపులోనే ఉంది మహాప్రభో అని అరుస్తున్నాడు. డాక్టరుగారి చూపు ఆ పేరు మొదటి నాలుగక్షరాల దాకా వెళ్ళి జారిపోయింది. ఇంగ్లీషులో ఉంటే చూసేవారేమో. జనానికి అర్థం కావాలని రాసిన తెలుగు జనానికి అర్థం కాలేదు, అప్పటిదాకా అర్థమవుతున్న డాక్టరుకు కూడా అర్థం కాకుండా పోయింది. చదవేస్తే ఉన్నమతి పోవడమంటే వేరే లేదు. ఆయన మాత్రలు పెంచి, పదిహేను రోజులకు మళ్ళీ రమ్మన్నారు.

ఆ పదిహేను రోజులూ ల్యాబులో నా తోటి కాగితాల మీద ఇంకా చాలా కథలు నడిచాయట. రెండోసారి వెళ్ళినప్పుడు ట్రేలో విన్నాను. గఫూర్ సాయిబు ఉపవాసమంటే రోజా అనుకుని తెల్లవారుజాము నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా మధ్యాహ్నం దాటాక వచ్చాడు, సూదికి నరం దొరకలేదు. చర్చి వీధి దానమ్మ ఉపవాస ప్రార్థన అనుకుని శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక, అందరితో కలిసి భోంచేసి మరీ వచ్చింది. ఒక్క మాటకు ఊళ్ళో మూడు అర్థాలున్నాయి, మూడూ నిఖార్సైనవే. కమిటీకి ఇవేవీ తెలియవు. వాళ్ళు సంస్కృతి సంస్కృతి అని అంత జపం చేశారు గదా, పక్క వీధిలో ఎవరు ఎలా పస్తుంటారో కనుక్కున్నవాడు లేడు.

సామ్రాజ్యమ్మ రెండోసారి ఇంకా నిష్ఠగా ఉంది. ముందురోజు రాత్రి కూడా అన్నం మానేసింది. పొద్దున్నే అదే దీపం, అవే అరటిపళ్ళు, అదే పాలు. నూట తొంభై ఎనిమిది. డాక్టరుగారు ఈసారి తిట్టలేదు. అంతకంటే అన్యాయంగా, ఆమె వంక చూడకుండానే మాత్రలు ఇంకాస్త పెంచేశారు.

అన్నం తగ్గించి మాత్రలు పెంచితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలుగు రోజులుగా పొద్దున పది దాటితే ఆమెకు చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. షుగరు పెరిగిందేమోనని ఇంకో ముద్ద తగ్గించేది. అయిదోరోజు పడుగు ముందు కూర్చుని పోగు అందుకుంటూ, అది దొరక్క గాల్లో వేళ్ళు ఆడించింది. "మాధురీ, కాఫీ చుక్క పొయ్యవే, కళ్ళు తిరుగుతన్నయ్" అంది. మాధురి గ్లాసు తెచ్చింది గాని అత్తగారి ముఖం చూసి భయపడి వెనక్కి లాక్కుంది. "వద్దత్తయ్యా, ఇందులో పంచదార వేశా. మీకసలే పెరిగింది!" అంది. ప్రేమతోనే లాక్కుంది పాపం. సామ్రాజ్యమ్మ పడుగు మీదికే ఒరిగిపోయింది.

ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. సంచిలో నేనూ ఉన్నాను. మస్తాన్‌బీ వేలిమీద గుచ్చి చూసింది. నలభై రెండు, డెబ్భైకి దిగితేనే ప్రమాదం. "డాక్టరుగారూ!" అని అరిచిన ఆ కేకకు ఆసుపత్రి మొత్తం ఇటు తిరిగింది. నరానికి గ్లూకోజు ఎక్కించారు. పావుగంటకు ఆమె కళ్ళు తెరిచింది. ఆ పావుగంటా మాధురి గోడకు ఆనుకుని, కాఫీ గ్లాసు పట్టుకున్న చేతిని చూసుకుంటూ ఏడుస్తూనే ఉంది. నేను కాగితాన్ని, నాకు గుండె లేదు. అయినా ఆ పావుగంట నాకు గడవలేదు.

మస్తాన్‌బీ నన్ను సంచిలోంచి తీసి గడులన్నీ చూసింది. ఆమెకు సర్వోత్తమరావు గారి పేర్లతో పనిలేదు, ఏ గడిలో ఏ అంకె రాసిందో చేతికి గుర్తే. ఆరు పాయింటు తొమ్మిది మీద ఆమె వేలు ఆగింది.

"మూడు నెలల షుగరు బానే ఉందే. పిన్నీ, ఆయేళ పరీక్షకు వచ్చేముందు ఏం తిన్నావు?"

"ఏం తినలేదమ్మాయ్. ఎన్నిసార్లు చెప్పాలి? ఉపవాసమేగా."

"సరే, ఉపవాసమే. ఆ ఉపవాసంలో ఏం తిన్నావు?"

పద్దెనిమిది మంది డాక్టర్లు పుట్టినా అడగలేని ప్రశ్న అది. సామ్రాజ్యమ్మ ఆశ్చర్యంగా చూసింది. "తినడమేముంది? రెండు అరటిపళ్ళు, గ్లాసెడు పాలు. అయినా నన్నడుగుతావేంది, మీ కాయితం మీదే వేశారుగా అరటిపళ్ళు!"

మస్తాన్‌బీ నన్ను దగ్గరికి తీసుకుని బొమ్మ చూసింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, 'ఉపవాస శర్కర' మీద కాగితం చిరిగేలా అడ్డగీత కొట్టి, పైన పెద్ద అక్షరాలతో 'పరగడుపు' అని రాసింది. విద్యాధర్ గారు వెనకే నిలబడి ఉన్నారు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ క్షణంలో ఆయన మీద నాక్కూడా జాలేసింది. కానీ వెంటనే తేరుకుని, "ఈ పేషెంట్లు ఏదీ సరిగ్గా చెప్పరు" అన్నారు. నా జాలి అక్కడితో సరి.

పాత మాత్రలకే మార్చారు. రెండు వారాల తర్వాత నిజంగా పరగడుపున వచ్చి ఇస్తే నూట ఇరవై ఆరు వచ్చింది. అదీ నామీదే, మూడో గడిలో పడింది. కానీ కంటి క్యాంపు అప్పటికి నాలుగు రోజుల కిందటే వచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలల్లో సామ్రాజ్యమ్మ తడుముకుంటూ అతికిన పడుగులో ఒక పోగు తప్పింది. నలభై ఏళ్ళలో మొదటిసారి, నీలంరంగు చీర ఒకటి పొడవునా గీతతో దిగింది. ఆమే ఆ చీర మడతపెట్టి, "నేనే కట్టుకుంటాలే" అంది. ఆ గీత ఆమె వేలిది కాదు, నాది.

ఇక్కడ కమిటీ ఎనిమిదోసారి కూర్చుంది. మస్తాన్‌బీ చెప్పిందంతా విన్నారు. సర్వోత్తమరావు గారు బాగా ఆలోచించి, 'నిరాహార శర్కర' అంటే ఎలా ఉంటుందన్నారు. డిజైనరమ్మ ఫోన్లోనే, అరటిపళ్ళ బదులు ఆపిల్ పెడదామంది. అచ్చయిన కాగితాలు ఇంకా రెండువేల తొమ్మిదివందలు మిగిలాయి కాబట్టి, అవి అయ్యాక చూద్దామని తీర్మానించి కాజాలు తిని లేచారు. ఆ సాయంత్రం నుంచీ మస్తాన్‌బీ పని అయ్యాక రోజుకొక కట్ట ముందేసుకుని, ఒక్కో కాగితం మీదా అడ్డగీత కొట్టి 'పరగడుపు' అని రాయడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ చూడనూ లేదు.

ఆ తర్వాత వచ్చింది అసలు వినోదం. జన సంస్కృతిని ప్రతిబింబించిన ఉత్తమ రిపోర్టుగా నాకు అవార్డు వచ్చింది. షీల్డు పక్కన మొట్టమొదటి ప్రతిని అద్దంలో పెట్టి హాల్లో తగిలించాలన్నారు. మొదటి ప్రతి మస్తాన్‌బీ సొరుగులో ఉంది, గడులు నిండాక ఆమే దాచింది. అడిగారు, తీసి ఇచ్చింది. ఆమె పెదవి చివర ఒక్క నవ్వు మెరవడం నేనొక్కదాన్నే చూశాను. బజ్జీ మరకతో, అడ్డగీతతో, పెన్ను రాతతో నన్ను అలాగే చట్రంలో బిగించారు. నా ముందు నిలబడి సూపరింటెండెంటుగారు ఫొటో దిగారు, సర్వోత్తమరావు గారు శాలువా కప్పించుకున్నారు. నన్ను ఎవరూ చదవలేదు. ఏడు మీటింగులప్పుడు చదివారా, ఇప్పుడు చదవడానికి?

నెల కిందట ఒక పొద్దున, ఆ నీలం చీర కట్టుకుని సామ్రాజ్యమ్మ వచ్చింది. ఆపరేషను అయిన కంటికి కొత్త కళ్ళజోడు. అయిదో తరగతి చదువు ఆమెది, అక్షరం మరిచిపోలేదు, కనపడక మానేసింది. మస్తాన్‌బీ పక్కన నిలబడి ఉండగా గోడకేసి తలెత్తి నన్ను చూసింది. నా పేరు దగ్గర కాసేపు తంటాలుపడి వదిలేసింది. కిందికి వచ్చి, పెన్నుతో రాసిన చోట ఆగి, వేలు గాల్లో కదుపుతూ ఒక్కో అక్షరం చదివింది.

"ప... ర... గ... డు... పు. పరగడుపు! మనం రోజూ అనుకునే మాటేగా ఇది?"

"ఆ మాటే పిన్నీ."

"మరి మొదలే అట్టా రాసి చావచ్చుగా!"

తలొంచి చీర మీది గీతను వేలితో ఒకసారి తడిమింది. మళ్ళీ తలెత్తి బొమ్మకేసి చూసి, "ఆ అరటిపళ్ళు కూడా కొట్టెయ్యవే మస్తానూ. ఇంకెవరన్నా చూసి తినొస్తారు" అంది.

మస్తాన్‌బీ అటూ ఇటూ చూసి, నన్ను మేకు నుంచి దించి, అద్దం వెనక అట్ట ఊడదీసింది.